చూసొచ్చేశాం అనుకున్న టాహో

"టాహో చూశారా?" అని ఎవరైనా అడిగితే "ఆ, చూశామండీ" అని చాలా ఏళ్ళు టపీమని జవాబు చెప్పేదాన్ని. బే ఏరియాలో ఉండే తెలుగువాళ్ళలో టాహో చూడనివాళ్ళు అరుదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు గోల్డెన్ గేట్ వంతెన, తర్వాత లివర్‌మోర్ గుడి, ఆ తర్వాత టాహో. మా ఇంటి నుంచి నాలుగు గంటల ప్రయాణం. తెల్లవారుజామున పులిహోర కలుపుకుని బయల్దేరితే మధ్యాహ్నానికల్లా సరస్సు ఒడ్డున కూర్చుని తినొచ్చు. ఫొటోలు దిగొచ్చు. మర్నాటికి తిరిగొచ్చేసి బట్టలు ఉతుక్కోవచ్చు.

"చూశాం" అనే మాట ఎంత తొందరపాటు మాటో నాకు మా అమ్మాయి స్వెట్‌షర్టు ఒకటి నేర్పింది. ఆ సంగతే ఇది. మధ్యలో చరిత్ర కాస్త ఎక్కువే ఉంటుంది. పొయ్యి మీద పప్పు దించుకుని, తీరిగ్గా చదవండి.

వేసవి

మొదటిసారి వెళ్ళింది 2009 జులైలో. మా అమ్మాయికి అప్పుడు ఏడాది. నాలుగు కుటుంబాలు, రెండు వ్యాన్లు, ఒక పెద్ద గిన్నె నిండా పులిహోర. కొండ మలుపు తిరగ్గానే కింద నీలంగా కనిపించింది సరస్సు. వ్యాన్‌లో అందరం ఒక్కసారే "అబ్బా!" అన్నాం.

సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తులో ఉంటుంది టాహో. పొడవు 22 మైళ్ళు, వెడల్పు 12 మైళ్ళు, లోతైనచోట 1,645 అడుగులు. అమెరికాలో దీనికన్నా లోతైన సరస్సు ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. సరస్సులో మూడింట రెండు వంతులు కాలిఫోర్నియాది, ఒక వంతు నెవాడాది. చలికాలంలో చుట్టూ కొండలన్నీ తెల్లబడినా ఈ నీరు గడ్డకట్టదు. అంత లోతు నీళ్ళు కదా, పైన చల్లబడ్డ నీరు కిందికి దిగుతూ, కింది నీరు పైకి వస్తూ ఉంటుంది.

పేరు సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. వేల ఏళ్ళుగా ఈ ఒడ్డున బతికిన వాషో జాతివాళ్ళు దీన్ని వాళ్ళ భాషలో సరస్సు అనే పిలిచారు. ఆ మాట వచ్చినవాళ్ళ నోట్లో నలిగి నలిగి "టాహో" అయింది. అంటే మనం "లేక్ టాహో" అన్నప్పుడల్లా "చెరువు చెరువు" అంటున్నామన్నమాట! 1844 ఫిబ్రవరిలో జాన్ ఫ్రెమాంట్ అనే సైనికాధికారి ఒక కొండ మీదనుంచి దీన్ని చూశాడు. తర్వాత కాలిఫోర్నియా గవర్నరు జాన్ బిగ్లర్ పేరు పెట్టారు. జనం మాత్రం టాహో అనే అంటూ వచ్చారు. కాగితాల మీద "లేక్ బిగ్లర్" 1945 దాకా ఉంది. ఊరి చెరువుకి ప్రెసిడెంటుగారు తన పేరు పెట్టించుకున్నా జనం పాత పేరుతోనే పిలుస్తారే, అలాగే.

ఆ రోజు ఎమరాల్డ్ బే దగ్గర మైలు దూరం కొండ దిగి వైకింగ్స్‌హోమ్ అనే భవనం చూశాం. లోరా నైట్ అనే ధనికురాలు 1929లో కట్టించుకున్న వేసవి ఇల్లు. దాదాపు 200 మంది పనివాళ్ళు కట్టారట. చెట్లు వీలైనంత వరకు కొట్టకుండా, చెట్లకి తగ్గట్టుగా ఇంటిని సర్దుకుందామె. చనిపోయేవరకు, అంటే 1945 వరకు, వేసవులన్నీ అక్కడే గడిపింది. ఎదురుగా నీళ్ళ మధ్య చిన్న దీవి ఉంది. సరస్సు మొత్తానికి అదొక్కటే దీవి. దాని మీద అతిథులతో కలిసి టీ తాగడానికి ఒక రాతి గది కట్టించింది.

మేం నలుగురు ఆడవాళ్ళం ఒడ్డున బండరాయి మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ ఆ దీవినే చూశాం. అప్పట్లో మా నలుగురికీ ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఏ కాగితం మీద చూసినా మా పేరు పక్కన "డిపెండెంట్" అని ఉండేది. "నాక్కూడా ఒక దీవి రాసివ్వరాదూ, టీ నేనే పెట్టుకుంటాను" అని ఒకావిడ వాళ్ళాయన్ని అడిగితే అందరం నవ్వాం. పిల్లని చంకనేసుకుని ఆ మైలు దూరం మళ్ళీ పైకెక్కేసరికి నవ్వంతా ఆవిరైపోయింది. అయినా ఇంటికొచ్చి "టాహో చూశాం" అని రాసేసుకున్నాను.

చలికాలం

రెండోసారి 2017 ఫిబ్రవరిలో. అమ్మాయికి ఎనిమిది. క్లాసులో అందరూ స్కీయింగ్‌కి వెళ్ళొచ్చారని మూడు నెలలు పోరు పెట్టింది. 1960లో చలికాలపు ఒలింపిక్స్ జరిగిన లోయకి తీసుకెళ్ళాం. పిల్లని స్కీ నేర్పేవాళ్ళకి అప్పగించి, మావారు కూడా కాళ్ళకి ఆ పలకలు కట్టుకుని పడుతూ లేస్తూ ఉంటే, నేను లోపల అద్దాల గోడ పక్కన కూర్చుని కోట్లు, టోపీలు, గ్లవ్సులు, బూట్లు కాపలా కాశాను. మనలో చాలామంది చేసే స్కీయింగ్ ఇదే కదా!

ఆ కొండల్లో స్కీలు ఆటగా మొదలవలేదు. 1856లో నార్వే నుంచి వచ్చిన ఒక రైతు పదడుగుల కొయ్య పలకలు చెక్కుకుని, ఉత్తరాల మూట వీపున వేసుకుని, 90 మైళ్ళు మంచు మీద జారుకుంటూ కొండ దాటాడు. "స్నోషూ" థాంప్సన్ అని పేరొచ్చింది. 20 చలికాలాలు మోశాడు. మందులూ అచ్చు అక్షరాలూ కూడా మోశాడంటారు. ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బు కోసం వాషింగ్టన్ దాకా వెళ్ళి అడిగినా ఏమీ రాలేదు. చదువుతూ నేను అనుకున్నాను, ఈయన కష్టం మన ఇల్లాళ్ళకి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదని.

ఇక ఒలింపిక్స్. ఆ లోయలో స్కీ రిసార్టు 1949లో మొదలైంది. ఆరేళ్ళకే, ఊరంటూ సరిగ్గా లేని ఆ చోటికి ఒలింపిక్స్ తెచ్చుకున్నారు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ మీద 32-30 ఓట్లతో గెలిచారు. ఆ పోటీలకి వచ్చిన 665 మందిలో ఆడపిల్లలు 144 మంది. ఆడవాళ్ళ స్పీడ్ స్కేటింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది అక్కడే. క్రీడాకారులందరి తరఫున ప్రమాణం చదివింది కెరొల్ హైస్ అనే అమ్మాయి. తర్వాత ఫిగర్ స్కేటింగ్‌లో బంగారు పతకం కూడా తనే గెలుచుకుంది.

సాయంత్రం బయల్దేరే ముందు అక్కడి దుకాణంలో అమ్మాయికి ఒక నీలం స్వెట్‌షర్టు కొన్నాను. గుండెల మీద తెల్ల దారంతో ఆ లోయ పేరు కుట్టి ఉంది. పెరిగే పిల్ల కదా అని మనవాళ్ళ పద్ధతిలో బాగా పెద్ద సైజే తీసుకున్నాను. ధర చూశాను, సైజు చూశాను, గుడ్డ పట్టి చూశాను. పేరు మాత్రం చూడలేదు.

తిరుగు దారిలో మంచు మొదలైంది. ట్రకీ ఊరు దాటి కొండెక్కుతుండగా కార్లన్నీ ఆగిపోయాయి. ముందు దారి మూసేశారు, వెనక్కి తిరగడానికి లేదు. ఏడు గంటలు కారులోనే. కారులో ఉన్నవి ఆరు చపాతీలు, కొంచెం ఆవకాయ, అర పొట్లం బిస్కెట్లు, ఒక అరటిపండు. పిల్లకి అనుమానం రాకుండా వాటిని వంతులు వేశాను. నాకు ఆకలి లేదని అబద్ధం చెప్పాను. రోడ్డు పక్క పలక మీద "డానర్ లేక్" అని కనిపిస్తే, "డానర్ అంటే ఎవరు నాన్నా?" అని అడిగింది. మావారు ఫోనులో వెతికి చదివి, ఫోను బోర్లా పెట్టేసి "తర్వాత చెప్తాలే" అన్నారు.

ఆ తర్వాత నేను చదివాను. 1846లో ఇల్లినాయ్ నుంచి బళ్ళు కట్టుకుని కాలిఫోర్నియా బయల్దేరిన కుటుంబాలు, దగ్గరి దారి అని ఎవరో చెప్పిన దారి పట్టి ఆలస్యమై, నవంబరు మొదట్లో సరిగ్గా ఆ సరస్సు దగ్గర మంచులో చిక్కుకుపోయాయి. 81 మంది. వాళ్ళలో సగానికి పైగా పిల్లలే. ఎడ్లు అయిపోయాయి. ఎడ్ల తోళ్ళు ఉడకబెట్టి, ఆ జిగురు తాగారు. డిసెంబరు 16న 17 మంది సాయం కోసం కాలినడకన బయల్దేరారు. ఇద్దరు వెనక్కి తిరిగారు. మిగిలిన 15 మందిలో పదిమంది మగవాళ్ళు, ఐదుగురు ఆడవాళ్ళు. మగవాళ్ళలో ఎనిమిది మంది దారిలో చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు, సాయానికి వచ్చిన లూయిస్, సాల్వడోర్ అనే మివోక్ జాతి యువకులు. వాళ్ళని తోటివాళ్ళే కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళ శరీరాలే బతికున్నవాళ్ళకి ఆహారమయ్యాయి. ఆ ఐదుగురు ఆడవాళ్ళూ మాత్రం నెల దాటాక బతికి బయటపడ్డారు. ఐదుగురికి ఐదుగురూ.

సరస్సు దగ్గర ఉండిపోయినవాళ్ళలో మార్గరెట్ రీడ్ అనే తల్లి ఉంది. నలుగురు పిల్లలు. భర్త దగ్గర లేడు. ఆమె ఎప్పుడో కాసిని చిక్కుడు గింజలు, ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు, చిన్న మాంసం ముక్క ఎవరికీ తెలియకుండా దాచింది. క్రిస్మస్ రోజున వాటిని బయటికి తీసి పిల్లలకి వండి పెట్టింది. ఆ నలుగురు పిల్లలూ బతికారు. టామ్సెన్ డానర్ అనే టీచరమ్మ తన ముగ్గురు చిన్న కూతుళ్ళని సాయానికి వచ్చినవాళ్ళతో పంపేసి, చావుబతుకుల్లో ఉన్న భర్త దగ్గర ఆగిపోయింది. ఆమె మళ్ళీ కొండ దిగలేదు. ముగ్గురిలో చిన్నదైన ఎలైజా పెద్దదై, 1911లో ఆ కథంతా పుస్తకంగా రాసింది.

ఇప్పుడు అక్కడ 22 అడుగుల దిమ్మ మీద ఒక కుటుంబం విగ్రహం నిలబెట్టారు. ఆ ఏడు మంచు అంత ఎత్తు పేరుకుందని గుర్తు. మా చపాతీలు ఏడు గంటలకే. వాళ్ళవి నెలలు. పోలిక పెట్టడం కూడా తప్పే. కానీ ఆ రాత్రి అరటిపండుని మూడు ముక్కలు చేసిన చేతులతో ఆ కథ చదివాను కాబట్టి, మార్గరెట్ రీడ్ నాకు పుస్తకంలో మనిషిలా అనిపించలేదు.

వసంతం

2021. అమ్మాయికి పదమూడు. ఆ స్వెట్‌షర్టు సరిగ్గా సరిపోయింది. నేను "చూశావా, పెద్దది కొంటే ఎంత పనికొచ్చిందో" అని మురిసిపోయిన వారంలోనే ఒకరోజు బడినుంచి వచ్చి దాన్ని నా ముందు విసిరేసింది. "అమ్మా, దీని మీద ఏం రాసుందో నీకు తెలుసా?"

"అది ఆ లోయ పేరే కదా" అన్నాను.

"అది తిట్టు. నేను తిట్టు వేసుకుని తిరుగుతున్నానని క్లాసులో అందరి ముందూ ఒక అమ్మాయి చెప్పింది. నువ్వు కొనేటప్పుడు చదవలేదా?"

ఆ లోయ పాత పేరు "స్క్వా వ్యాలీ". స్క్వా అనేది తూర్పుతీరంలోని ఒక ఆదివాసీ భాషలో ఉత్త "స్త్రీ" అనే మాట. తెల్లవాళ్ళ నోట అది ఆదివాసీ ఆడవాళ్ళని హీనంగా, నీచంగా పిలిచే మాటగా మారిపోయింది. దేశమంతా వందల కొండలకి, వాగులకి, లోయలకి ఆ మాట తగిలించారు. ఎప్పటినుంచో వాషోవాళ్ళు దాన్ని తీసేయమని అడుగుతున్నారు. 2021 సెప్టెంబరులో రిసార్టు తన పేరు "పాలిసేడ్స్ టాహో" అని మార్చుకుంది. ఆ నవంబరులో డెబ్ హాలండ్ ఆ మాటని తిట్టుగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అమెరికా కేంద్ర ప్రభుత్వంలో మంత్రి పదవి చేపట్టిన మొదటి ఆదివాసీ ఆమె. ఏడాది తిరిగేలోపు దాదాపు 650 చోట్ల పేర్లు మారాయి.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. పిల్లకి జవాబు చెప్పలేక "ఏదో తెలియక కొన్నాను, దానికింత రాద్ధాంతం దేనికి?" అని ఎదురు గసిరాను. తప్పు మనదైనప్పుడు గొంతు పెద్దదవుతుంది కదా. ఆ తర్వాత చాలా రోజులు తను నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ వయసు పిల్లల తల్లులకి ఆ మౌనం ఎలా ఉంటుందో తెలుసు.

2022 మే నెలాఖరులో ఇద్దరమే బయల్దేరాం. కొండ దారిలో నేను ఒంటరిగా కారు నడపడం అదే మొదలు. మంచు కరిగి ప్రతి మలుపులోనూ నీళ్ళు దూకుతున్నాయి. 63 ఏర్లు వచ్చి ఆ సరస్సులో కలుస్తాయి. జనం తక్కువ, బురద ఎక్కువ. టాహో సిటీలో చిన్న మ్యూజియం ఉంది, అందులో ఆదివాసీల బుట్టలు ఉన్నాయని చదివి అక్కడికే తీసుకెళ్ళాను.

లోపలికి అడుగుపెట్టగానే నాకు మా తెనాలి గుర్తొచ్చింది. అద్దాల వెనక చేటలు! మా వీధి చివర మేదరవాళ్ళు వెదురుబద్దలు చీల్చి అల్లే చేటలు, తట్టలు, గంపలు ఎలా ఉండేవో, కొన్ని అచ్చం అలాగే. వాషో ఆడవాళ్ళు విల్లో కొమ్మలు సన్నగా చీల్చి అల్లేవారు. చిల్గోజాల్లాంటి పైన్ గింజల్ని ఆ చేటల్లోనే నిప్పుకణికలతో కలిపి ఎగరేస్తూ వేయించేవారు, ఆ చేటల్లోనే చెరిగేవారు. చేట కాలకుండా గింజ వేగాలంటే చెయ్యి ఎంత వాటంగా తిరగాలో మనకి తెలుసు. పసిబిడ్డని వీపున మోసే ఊయల కూడా అల్లికే.

ఆ బుట్టల్లో పేరుమోసినవి లూయీసా కీసర్‌వి. డాట్ సో లా లీ అని కూడా అంటారు. వాషో స్త్రీ. 1925లో చనిపోయింది. కార్సన్ సిటీలో కోన్ అనే వ్యాపార దంపతులు ఆమెకి ఇల్లు, తిండి ఇచ్చి, ఆమె అల్లినవన్నీ తామే అమ్ముకున్నారు. ఎక్కువ ధర రావడానికి ఆమె గురించి కట్టుకథలు కూడా అల్లారు. ఆమె ఏం చెప్పుకుందో మాత్రం మనకి మిగల్లేదు. మిగిలినవి బుట్టలే. వాటిలో ఒక్క కుట్టు కూడా పక్కకి పోదు. నేనూ అమ్మాయీ ముక్కులు అద్దానికి ఆనించి చూశాం.

వాషోవాళ్ళు ఏడాది పొడుగునా తిరుగుతూ బతికేవారు. చలికాలం కింది లోయల్లో. మంచు కరగడం మొదలవగానే సరస్సుకి ఎక్కి చేపలు పట్టేవారు. వేసవంతా ఒడ్డునే, దుంపలు, పళ్ళు ఏరుకుంటూ. ఆకులు రాలేవేళకి తూర్పు కొండల్లో పైన్ గింజలు కోసుకుని నిలవ చేసుకునేవారు. సరస్సు వాళ్ళకి చూసొచ్చే చోటు కాదు, ఏటా ఒక నెలలో వచ్చి చేరే ఇల్లు. 1859లో నెవాడాలో వెండి బయటపడ్డాక పదేళ్ళు, ఇరవై ఏళ్ళలో ఆ ఇల్లు పోయింది. తర్వాత ప్రభుత్వం వాళ్ళకి పంచిన భూములు సరస్సు పక్కన కాదు, నీళ్ళు చాలని తూర్పు కొండల్లో.

అక్కడే ఇంకో మాట చదివాం. వాషో ఆడపిల్ల పెద్దమనిషైతే ఉపవాసం ఉంచి, రాత్రంతా ఊరందరూ కలిసి నాట్యం చేసేవాళ్ళట. అమ్మాయి నన్ను అడిగింది, "నీకు ఏం చేశారు?" అని. ముందు ఏడాది తనకి ఆ రోజు వచ్చినప్పుడు నేను గదిలోకి పిలిచి, గుసగుసగా నాలుగు మాటలు చెప్పి, ఒక పొట్లం చేతిలో పెట్టి వచ్చేశాను. అంతకు మించి ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజు కారులో కూర్చుని అంతా చెప్పాను. మూల కూర్చోబెట్టడం, చిమ్మిలి పెట్టడం, పేరంటాళ్ళు వచ్చి పాటలు పాడటం, సిగ్గుతో నేను తల ఎత్తకపోవడం. "వాళ్ళకి ఉపవాసం, నీకు చిమ్మిలి. నువ్వే నయం" అని నవ్వింది. చాలా నెలల తర్వాత నవ్వింది. "నేను ఆ రోజు నీ మీద అరిచాను, తప్పు నాదే" అని అప్పుడు అనగలిగాను.

ఇంటికొచ్చాక నా కుట్టుపని పెట్టెలోంచి కుట్లు విప్పే చిన్న కత్తి అడిగి తీసుకుంది. నీలం స్వెట్‌షర్టు ఒళ్ళో పెట్టుకుని, రెండు సాయంత్రాలు కూర్చుని, ఒక్కొక్క అక్షరమే విప్పేసింది.

ఆకులు రాలే కాలం

ఆ అక్టోబరులో అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చారు. 50వ నంబరు రోడ్డు మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా కొండలకి కొండలే నల్లగా మసిబారి ఉన్నాయి. 2021 ఆగస్టులో కాల్డార్ కార్చిచ్చు అక్కడిదాకా వచ్చింది. సౌత్ లేక్ టాహో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నారు.

ఇప్పుడు మనం చూసే అడవి కూడా పాతది కాదు. వెండి గనుల సొరంగాలు కూలకుండా నిలబెట్టడానికి పెట్టెల్లా దుంగలు పేర్చే పద్ధతి 1860లో వచ్చింది. దాంతో సరస్సు చుట్టూ చెట్లకి మూడింది. గ్లెన్‌బ్రుక్‌లో రంపపు మిల్లులు, అక్కడినుంచి కొండపైకి రైలు, కొండ దిగడానికి దుంగల్ని నీళ్ళలో జార్చే కొయ్య కాలవలు. ముప్ఫై ఏళ్ళలో ఆ చుట్టుపక్కల కొండలు చాలావరకు బోడి అయ్యాయి. తర్వాత మొలిచి, ఒకే ఈడుతో కిక్కిరిసి పెరిగిన చెట్లే ఈనాటి అడవి. కిక్కిరిసిన అడవికి నిప్పంటుకుంటే ఆపడం కష్టం.

టేలర్ క్రీక్ అనే వాగు దగ్గర ఎర్రటి కొకనీ చేపలు గుడ్లు పెట్టడానికి వందలకొద్దీ ఎదురీదుతున్నాయి. అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. "అమ్మాయ్, మన పులసలా ఎదురీదుతున్నాయే!" అన్నారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరి మనిషి ఆవిడ. కానీ ఈ చేప ఇక్కడిది కాదు. 1944లో వచ్చి చేరింది. వాషోవాళ్ళు తరతరాలుగా తిన్న కట్‌త్రోట్ చేప, విపరీతంగా పట్టడం వల్లా, ఏర్లు పాడవడం వల్లా, తెచ్చి వదిలిన వేరే చేపల వల్లా 1930ల చివరికల్లా టాహోలో లేకుండా పోయింది.

ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు. గోదావరి ఒడ్డు మనిషి అడగాల్సిన ప్రశ్నే. "ఈ నీళ్ళు ఏ సముద్రంలో కలుస్తాయి?"

ఏ సముద్రంలోనూ కలవవు. 63 ఏర్లు లోపలికి వస్తే బయటికి పోయేది ఒక్క ట్రకీ నది. అది సుమారు 120 మైళ్ళు పోయి నెవాడా ఎడారిలో పిరమిడ్ లేక్ అనే ఇంకో సరస్సులో ఆగిపోతుంది. అక్కడినుంచి దారి లేదు. "సముద్రం చేరని నదా!" అని ఆవిడ చాలాసేపు బాధపడ్డారు.

ఆ నీళ్ళ తేటదనాన్ని ఎలా కొలుస్తారో చెబితే మాత్రం సంబరపడ్డారు. అన్నం కంచమంత తెల్ల పళ్ళేన్ని తాడుకి కట్టి సరస్సులోకి దించుతారు. ఎక్కడ కనిపించకుండా పోతుందో ఆ లోతు రాసుకుంటారు. అంతే! కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో చార్లెస్ గోల్డ్‌మన్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన పని అది. 1968లో ఆ పళ్ళెం సగటున 102 అడుగుల దాకా కనిపించేది. ఈమధ్య ఏళ్ళలో 60-70 అడుగులకే మాయమవుతోంది. ఒలింపిక్స్‌తోనూ కొత్త రోడ్లతోనూ జనం పోటెత్తారు. ఎమరాల్డ్ బే మీద పెద్ద వంతెన వేద్దామని కూడా ఒకప్పుడు అనుకున్నారు, ప్రజలు అడ్డుపడి ఆపారు. మురుగునీరు ఒక్క చుక్క కూడా సరస్సులో కలవనివ్వరు, పంపులతో కొండ దాటిస్తారు. అయినా రోడ్ల మీద మన టైర్లు నలిపే సన్నటి దుమ్ము, చలికాలంలో కార్లు జారకుండా చల్లే ఇసుక పొడి, నీళ్ళలో చేరి తేలుతూనే ఉంటాయి. నాలుగు కాలాల్లో నాలుగుసార్లు వెళ్ళిన మా కారు దుమ్ము కూడా అందులో ఉంది.

ఇప్పుడు "టాహో చూశారా?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోతున్నాను. ఏ నెలలో వెళ్తారో అడుగుతాను. వేసవిలో అయితే ఆ దీవి చూడండి, చలికాలమైతే కారులో రెండు పూటల తిండి పెట్టుకోండి, ఎప్పుడు వెళ్ళినా ఆ బుట్టల దగ్గర కాసేపు ఆగండి అని చెప్తాను.

ఆ అక్టోబరు సాయంత్రం చలి పెరిగితే అమ్మాయి వెనక సీట్లోంచి నీలం స్వెట్‌షర్టు తీసి తొడుక్కుంది. అక్షరాలు లేవు. అవి ఉన్నచోట గుడ్డ వెలిసిపోకుండా ముదురు నీలంగా ఉండిపోయింది, చుట్టూ వరసగా సూది రంధ్రాలు. అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఇదేమిటే, గుండెల మీద ఈ చిల్లులు?"

"ఇక్కడ ఒక చెడ్డ మాట ఉండేది నానమ్మా. తీసేశాను."

"పోనీలే, ఇలా ఇవ్వు. పైన ఒక పువ్వు కుట్టి పెడతాను, కనిపించవు."

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "వద్దు నానమ్మా, కనిపించనీ" అంది.